కుళాయిలో ఎర్ర నీళ్లు: తప్పు నదిదా, పైపుదా?

(ఈ వారం ఎపిసోడ్ పూర్తి పాఠం. వీడియోలో మాట్లాడినట్టే ఉంచాం, చదవడానికి వీలుగా అక్కడక్కడా కొంచెం సరిచేశాం.)

ఈ రోజు ఒక వాట్సాప్ ఫొటోతో మొదలుపెడతా. మా చిన్నమ్మ పంపింది. స్టీలు బిందె, దాన్నిండా టీ డికాక్షన్ రంగు నీళ్లు. కింద వాయిస్ మెసేజ్. "ఏందిరా నాయనా ఇది? కొత్త నీళ్లు వస్తాయి, మంచి నీళ్లు వస్తాయి అని నెల నుంచి చెప్పినారు. ఇవేనా ఆ నీళ్లు? దీనికన్నా పాత బోరు నీళ్లే నయం."

ఏ ఊరో చెప్పను. మన జిల్లాలోదే, చిన్న ఊరు. ఎవరినో తిట్టడానికి ఈ వీడియో చేయట్లేదు. ఇలాంటిది ఏ ఊళ్లో అయినా జరగొచ్చు.

నాలుగైదు రోజులకు ఆ రంగు తగ్గిపోయింది. కుళాయిలో తేట నీళ్లే వస్తున్నాయి. కానీ చిన్నమ్మ ఆ నీళ్లు మళ్లీ నోట పెట్టుకోలేదు. వీధి చివర బోరు దగ్గరికే బిందె తీసుకుని పోతోంది. ఆ బోరు నీళ్లు చూడ్డానికి అద్దంలా ఉంటాయి. వాటిలో ఫ్లోరైడ్ ఎంతుందో మాత్రం కంటికి కనపడదు. రంగు లేదు, వాసన లేదు, రుచి కూడా తెలియదు.

నన్ను భయపెట్టింది ఇదే. నాలుగు రోజుల తుప్పు రంగు చూసి జడిసి, ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ తాగడం. పులివెందుల చుట్టుపక్కల మండలాల్లో భూగర్భజలంలో ఫ్లోరైడ్ సమస్య ఉందని మనకు తెలిసిందే. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫర్వాలేదు. వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. అది దాటిన నీళ్లు ఏళ్లపాటు తాగితే ముందు పళ్ల మీద మరకలు, ఇంకా ఎక్కువైతే ఎముకలు, కీళ్లు. కాచినా పోదది.

కాబట్టి ఈ రోజు రెండు ప్రశ్నలు. ఊరికి నీటి వనరు మారినప్పుడు కుళాయిలో ఎర్ర నీళ్లు ఎందుకొస్తాయి? అవి రాకుండా ముందే ఏం చేయొచ్చు?

మన మూడు ఊళ్ల నీళ్లు

ముందు మన నీళ్లు ఎక్కడివో చూద్దాం. పెన్నా మీద ముందు గండికోట జలాశయం, దాని కింద మైలవరం, ఆ కింద జమ్మలమడుగు, ఇంకా కిందికి పోతే ప్రొద్దుటూరు. గండికోట సామర్థ్యం 26.85 టీఎంసీలు. అందులో ఉండేది ఒక్క పెన్నా నీళ్లేనా? కాదు. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు మీదుగా, గాలేరు-నగరి కాలువలో కృష్ణా నీళ్లు కూడా వస్తాయి.

పులివెందుల వైపు పోదాం. పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ ఉంది కదా, మనం సీబీఆర్ అంటాం. 10 టీఎంసీలది. పేరుకు చిత్రావతే. కానీ దాంట్లోకి తుంగభద్ర ఎగువ కాలువ వైపు నుంచి వచ్చే నీళ్లున్నాయి, గండికోట నుంచి లిఫ్ట్ చేసిన కృష్ణా నీళ్లున్నాయి. ఒక్క చెరువులో మూడు నదులు!

ప్రొద్దుటూరు కథ వేరే. అక్కడ చాలా ఏళ్లుగా పెన్నా ఇసుకలో ఊరే నీళ్లే ఆధారం. ఎండాకాలం నది ఎండిపోతే, మైలవరం నుంచి నదిలోకి నీళ్లు వదిలితే, అవి ఇసుకలోకి ఇంకి, మళ్లీ బావుల్లోకి వస్తాయి. ఈ ఇసుక సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తా.

ఇప్పుడు రాయలసీమలో ప్రతి ఊరూ బోరు నుంచి జలాశయానికి మారాలని చూస్తోంది. మంచిదే, అవసరమే. హైదరాబాదు కూడా ఇలా మారుతూ వచ్చిందే. 1920లో గండిపేట, తర్వాత హిమాయత్‌సాగర్, ఆ తర్వాత మంజీరా, సింగూరు, 2004లో కృష్ణా, 2015లో గోదావరి. చెన్నైకి 1996లో చేరిన కృష్ణా నీళ్లు మన జిల్లా మీదుగా పోయినవే. వనరు మారడం తప్పు కాదు. మారేటప్పుడు పైపుల్ని మర్చిపోవడం తప్పు.

పెనం, చింతపండు పులుసు

మన ఇళ్లలో ఇనుప పెనం ఉంటుంది చూడండి. ఏళ్ల తరబడి దోసెలు పోసి పోసి నల్లగా, నున్నగా తయారై ఉంటుంది. దాని మీద దోసె శుభ్రంగా లేస్తుంది, ఇనుము అంటదు. అదే పెనంలో ఒక రోజు చింతపండు పులుసు కాచి చూడండి. పులుసు నల్లబడుతుంది, నోట్లో ఇనుము రుచి తగులుతుంది. పెనం నిన్నటిదే. పులుసులోనూ తప్పేం లేదు. ఆ పెనానికి పట్టిన పొర ఈ పులుసుకు అలవాటు పడింది కాదు, అంతే.

పాత ఇనుప పైపు కూడా అంతే. ఎప్పుడో వేసిన కాస్ట్ ఐరన్ పైపును అడ్డంగా కోస్తే, లోపల గుండ్రంగా ఖాళీ కనపడదు. గోడ పొడుగూతా తుప్పు గడ్డలు. ప్రతి గడ్డకూ పైన గట్టి పెంకు, లోపల మెత్తటి, ఇంకా పూర్తిగా తుప్పు పట్టని ఇనుము. కోడిగుడ్డు లాగా అనుకోండి. ఏళ్ల తరబడి ఒకే రకం నీళ్లు పారితే ఆ పెంకు గట్టిపడి, నీళ్లకూ ఇనుముకూ మధ్య గోడలా నిలబడుతుంది. పైగా మనది నాపరాయి నేల. ఇక్కడి బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. గిన్నెలకు తెల్లగా పట్టేది చూస్తుంటాం కదా, అదే పైపు లోపల కూడా పొరలా పట్టి కాపాడుతుంది.

ఒక రోజు పొద్దున వాల్వు తిప్పి, వేరే నీళ్లు వదిలారనుకోండి. పెంకు కదులుతుంది, పెచ్చులూడుతుంది, లోపలి ఇనుము కరిగి బయటికొస్తుంది. ఆక్సిజన్ తగలగానే ఎర్రబడుతుంది. లీటరుకు 0.3 మిల్లీగ్రాముల ఇనుము దాటిందంటే చాలు, తెల్ల బట్టలకు మరక పడుతుంది. అందుకే చెప్పేది, ఈ ఎర్ర రంగు చాలావరకు నదిలోంచి రాదు. మన వీధి కింద ఉన్న పైపులోంచే వస్తుంది.

నీళ్లలో ఏం మారుతుంది?

నాలుగు విషయాలు. ఒక్కోటీ చిన్నగా చెప్తా.

మొదటిది ఉప్పుల లెక్క. నీళ్లలో క్లోరైడ్, సల్ఫేట్ అని ఉంటాయి. ఇవి ఇనుమును తినేవి. బైకార్బనేట్ అని ఉంటుంది, అది పెంకును కాపాడేది. ఈ రెండు జట్ల మధ్య నిష్పత్తిని ఇంజనీర్లు లార్సన్ నిష్పత్తి అంటారు. తినే జట్టు బలం పెరిగితే ఎర్ర నీళ్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇక్కడో మాట. మీలో చాలామంది ఆన్‌లైన్లో టీడీఎస్ మీటర్ కొనుంటారు. ఆ మీటరుకు ఈ జట్లు తెలియవు. రెండు నీళ్లకూ టీడీఎస్ 400 ఉండొచ్చు, ఒకటి పైపును కాపాడుతుంది, రెండోది తినేస్తుంది.

రెండోది పీహెచ్, సున్నం. జలాశయం నీళ్లు మామూలుగా బోరు నీళ్ల కన్నా మెత్తగా ఉంటాయి, సున్నం తక్కువ. తాగడానికి బాగుంటాయి, పప్పు బాగా ఉడుకుతుంది. కానీ ఆ మెత్తటి నీళ్లే పాత సున్నపు పొరను మెల్లగా కరిగించొచ్చు. అంటే మంచి నీళ్లు వచ్చినందుకే రంగు నీళ్లు రావొచ్చు. వినడానికి వింతగా ఉన్నా జరిగేది అదే.

మూడోది ఆక్సిజన్, క్లోరిన్. నీళ్లు పైపులో కదలకుండా గంటల తరబడి ఉంటే వాటిలోని ఆక్సిజన్, క్లోరిన్ అయిపోతాయి. అప్పుడు పెంకు బలహీనపడి లోపలి ఇనుము బయటికొస్తుంది. మన ఊళ్లలో నీళ్లు రోజంతా రావు కదా. వదిలిన కాసేపు వస్తాయి, తర్వాత ఆగిపోతాయి. అందుకే పొద్దున మొదటి బిందె నీళ్లు ఎక్కువ రంగుంటాయి.

నాలుగోది వేగం, దిశ. కొత్త ట్యాంకు ఊరికి ఇంకో పక్కన కట్టారనుకోండి. ఇన్నేళ్లు తూర్పు నుంచి పడమరకు పారిన నీళ్లు ఇప్పుడు ఎదురు పారతాయి. అడుగున పేరుకున్న మడ్డి అంతా లేస్తుంది. నీళ్ల గుణం ఏమాత్రం మారకపోయినా ఇదొక్కటి చాలు రంగు రావడానికి.

టూసాన్ నేర్పిన పాఠం

ఇది మన ఒక్కరి గోడు కాదు. అమెరికాలో ఆరిజోనా రాష్ట్రంలో టూసాన్ అనే ఊరుంది. మన సీమ లాగే ఎండ, ఎడారి. అక్కడ దశాబ్దాల పాటు బోరు నీళ్లే. భూగర్భజలం తగ్గిపోతోందని, వందల కిలోమీటర్ల దూరం నుంచి కాలువ తవ్వి కొలరాడో నది నీళ్లు తెచ్చారు. 1992 నవంబరులో వాల్వు తిప్పారు. శుద్ధి చేసిన నీళ్లే, ప్రమాణాలకు సరిపోయిన నీళ్లే. కానీ చాలా ఇళ్లలో కుళాయిల నుంచి గోధుమరంగు నీళ్లు. పైపులు లీకయ్యాయి, గీజర్లు పాడయ్యాయి, బట్టలకు మరకలు. ఊరు పరిహారాలు కట్టుకోవాల్సి వచ్చింది. 1994లో ఆ నీళ్లు ఆపేశారు. 1995లో జనం ఓటేసి, ఆ నది నీళ్లను నేరుగా ఇళ్లకు ఇవ్వకుండా కట్టడి పెట్టారు. అంత ఖర్చు పెట్టి తెచ్చిన నీళ్లు, జనం నమ్మకం పోవడంతో ఇళ్లకు చేరకుండా ఆగిపోయాయి.

తర్వాత ఏం చేశారో చూడండి. నది నీళ్లను ఊరి బయట ఎడారిలో గుంటలు తవ్వి నేలలోకి ఇంకించారు. కింద ఉన్న పాత భూగర్భజలంతో కలవనిచ్చి, ఆ కలిసిన నీళ్లను బోర్లతో తోడారు. అందరికీ ఒకేసారి ఇవ్వలేదు. ముందు కొన్ని వీధులకు ఇచ్చి చూశారు. 2001 నుంచి ఊరికి ఇస్తున్నారు. ఈసారి గొడవ లేదు. అదే నది, అదే ఊరు. మార్చిన పద్ధతి మాత్రం వేరే.

ఫ్లింట్: రంగును పట్టించుకోకపోతే

రెండో ఊరు మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గుతుందని డెట్రాయిట్ నీళ్లు మానేసి, ఊరి నది నీళ్లకు మారారు. ఆ నీళ్లకు ఇనుమును తినే గుణం ఎక్కువ. పాత నీళ్లలో పైపుల్ని కాపాడే ఆర్థోఫాస్ఫేట్ అనే మందు కలిపేవారు, కొత్త నీళ్లలో కలపలేదు. జనం రంగు నీళ్ల సీసాలు పట్టుకుని మీటింగులకు వచ్చి చూపించారు. ఏం ఫర్వాలేదన్నారు. అదే ఏడాది అక్టోబరులో అక్కడి జనరల్ మోటార్స్ ఇంజిన్ ఫ్యాక్టరీ, ఈ నీళ్లకు మా విడిభాగాలు తుప్పు పడుతున్నాయని వాడకం మానేసింది. ఇంజిన్ భాగాలకు పనికిరాని నీళ్లను పిల్లలు ఇంకో ఏడాది తాగారు.

అక్కడ చాలా ఇళ్లకు పోయే చిన్న పైపులు సీసంవి. ఇనుముతో పాటు సీసం కూడా ఊడింది. పిల్లల డాక్టరు మోనా హన్నా-అటీషా 2015 సెప్టెంబరులో పిల్లల రక్తంలో సీసం పెరిగిందని లెక్కలతో బయటపెట్టారు. అక్టోబరులో మళ్లీ డెట్రాయిట్ నీళ్లకు మారారు.

మన ఊళ్లలో ఇనుప, జీఐ, ప్లాస్టిక్ పైపులే ఎక్కువ, అందుకని ఫ్లింట్‌ను తెచ్చి మన మీద వేసుకుని భయపడక్కర్లేదు. కానీ ఒక మాట తీసుకుందాం. రంగు అనేది పైపు చేసే ఫిర్యాదు. రంగు నీళ్లు కనిపిస్తే, కనపడనివి ఏమున్నాయో పరీక్ష చేయించాలి. "నాలుగు రోజుల్లో అదే పోతుందిలే" అనేది పరీక్ష తర్వాత చెప్పాల్సిన మాట.

మరి ముందే ఏం చేయాలి?

నీళ్లు మార్చే ముందు ఊరు చేయాల్సిన పనులు ఇవి. మీ కౌన్సిలర్‌ను గానీ, వార్డు సచివాలయంలో గానీ అడగడానికి పనికొస్తాయి.

ఒకటి, రెండు నీళ్లనూ పక్కపక్కన పెట్టి పరీక్షించడం. పీహెచ్, క్షారత, కాఠిన్యం, క్లోరైడ్, సల్ఫేట్. ఒక్క టీడీఎస్ కాదు. వానాకాలం నీళ్లు, ఎండాకాలం నీళ్లు విడివిడిగా చూడాలి, ఎందుకంటే సీబీఆర్ లాంటి చోట ఏ నెలలో ఏ నది నీళ్లు ఎక్కువుంటాయో మారుతుంది.

రెండు, ఊరి పాత పైపు ముక్కలు కోసి తెచ్చి, వాటిలో కొత్త నీళ్లు కొన్ని వారాలు పారించి చూడడం. కొత్త పైపు మీద చేస్తే లాభం లేదు. ఇంట్లో పెనం మీదే దోసె పోసి చూడాలి గానీ, అంగట్లో ఉన్న కొత్త పెనం మీద కాదు కదా.

మూడు, పైపులు కడగడం. ట్యాంకు వైపు నుంచి మొదలుపెట్టి, వీధి వీధికీ వాల్వులు మూస్తూ తెరుస్తూ, ఒకే దిశలో వేగంగా నీళ్లు తోలాలి. సెకనుకు మీటరున్నర వేగం ఉంటే మడ్డి లేచి బయటికి పోతుంది. ఇది కొత్త నీళ్లు రాకముందే జరగాలి. వీధి చివర ఆగిపోయే లైన్లు మరీ ముఖ్యం, మడ్డి అంతా పోయి కూర్చునేది అక్కడే.

నాలుగు, కొంచెం కొంచెంగా కలపడం. మొదట తొమ్మిది పాళ్లు పాత నీళ్లు, ఒక పాలు కొత్తవి. రంగు, ఇనుము కొలుస్తూ కొత్తవి పెంచుతూ పోవాలి. రంగు కనపడితే ఒక మెట్టు వెనక్కి. రిబ్బన్ కటింగ్ తేదీ కోసం తొందరపడకూడదు.

ఐదు, అవసరమైతే నీళ్లను సరిచేయడం. కొంచెం సున్నం కలిపి పీహెచ్, క్షారత పెంచొచ్చు. పరీక్ష చెప్తే ఆర్థోఫాస్ఫేట్ వాడొచ్చు. చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలేలా చూడాలి.

ఆరు, మరీ పాడైన ఇనుప లైన్లను ముందే మార్చడం. సిమెంటు పూత ఉన్న డీఐ పైపులో గానీ, హెచ్‌డీపీఈ పైపులో గానీ నీళ్లు ఇనుమును తాకవు.

ఏడు, జనానికి చెప్పడం. దీనికి పైసా ఖర్చు లేదు. "ఫలానా తేదీ నుంచి నీళ్లు మారతాయి, కొన్ని రోజులు రంగు రావొచ్చు, ఇలా చేయండి, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని ముందే మైకులో చెప్పుంటే, మా చిన్నమ్మ అంత జడుసుకునేది కాదు.

మీ ఫోన్‌తో మీరు చేయగలిగింది

రంగు నీళ్లు కనిపిస్తే వెంటనే స్టేటస్ పెట్టేస్తాం. పెట్టండి. దానికి ముందు ఒక చిన్న పని. గాజు గ్లాసులో పట్టండి, వెనక తెల్ల కాగితం పెట్టండి. కుళాయి తిప్పగానే ఒక ఫొటో, పది నిమిషాలు వదిలాక పట్టిన నీళ్లతో ఇంకో ఫొటో, ఆ మొదటి గ్లాసునే గంట తర్వాత మూడో ఫొటో. ఆ మూడూ చూస్తే చాలా తెలుస్తుంది.

పట్టగానే ఎర్రగా ఉండి, గంటకు అడుగున తుప్పు పొడి దిగితే, అది పైపు తుప్పు. పట్టినప్పుడు తేటగా ఉండి, గంటకు పసుపో ఎరుపో తిరిగితే, నీళ్లలోనే కరిగిన ఇనుము ఉంది, బోరు నీళ్లలో ఇది ఎక్కువ. నల్లటి నలుసులైతే మాంగనీసు కావొచ్చు. పాలలా తెల్లగా ఉండి, కిందినుంచి పైకి నిమిషంలో తేటపడితే అది వట్టి గాలి, భయం లేదు. బురద రంగైతే నది మట్టి, వడపోత సరిగా జరగలేదని. బూడిద రంగు, దాంతో పాటు మురుగు వాసన ఉంటే మాత్రం అది పూర్తిగా వేరే సంగతి. పైపు పగిలి కాలువ నీళ్లు కలిశాయి. ఆ నీళ్లు తాగొద్దు, పాత్రలు కూడా కడగొద్దు, వెంటనే ఫోన్ చేయండి.

పదో నిమిషం ఫొటోలో రంగు పోయిందంటే తుప్పు మీ ఇంటి జీఐ పైపులోదే అయ్యుండొచ్చు. అప్పటికీ పోలేదంటే వీధి లైన్లోదని అనుమానించాలి. ఈ ఒక్క తేడా చెప్పినా ఇంజనీరుకు సగం పని తగ్గుతుంది. ఫొటో మీద టైము, వీధి పేరు రాసి పంపండి. నమూనా పరీక్ష చేయించమని కూడా అడగండి. పల్లెల్లో ఉన్నవాళ్లకు జల్ జీవన్ మిషన్ కింద ఇచ్చిన నీటి పరీక్ష కిట్లు ఉంటాయి, పంచాయతీలో అడగండి.

ఇంట్లో మాత్రం రంగు ఉన్నన్నాళ్లు సంపులోకి, మిద్దె మీది ట్యాంకులోకి ఆ నీళ్లు ఎక్కించొద్దు. మోటరు ఆపండి. తెల్ల బట్టలు నానబెట్టొద్దు. గీజర్ ఆపేయండి. రంగు పోయాక సంపు ఒకసారి కడగండి, లేకపోతే అడుగున ఉన్న తుప్పు నెల తర్వాత కూడా వస్తుంది.

మళ్లీ ఇసుక దగ్గరికి

మొదట్లో ఇసుకను గుర్తుపెట్టుకోమన్నా కదా. టూసాన్ వాళ్లు చేతులు కాలాక నేర్చుకున్న పని ఏంది? నది నీళ్లను నేలలోకి ఇంకించి, పాత నీళ్లతో కలిపి తోడడం. ప్రొద్దుటూరులో మైలవరం నీళ్లు పెన్నాలోకి వదిలినప్పుడు జరిగేది కూడా ఇలాంటిదే. ఇసుక వడపోస్తుంది, పాత నీళ్లతో కలుపుతుంది, మార్పును మెల్లగా చేస్తుంది. మన పెద్దోళ్లు ఏ లార్సన్ నిష్పత్తీ లెక్కేయలేదు, నది వాళ్ల కోసం ఆ పని చేసింది. అందుకే పెన్నాలో ఇసుక తోడేస్తే పోయేది ఇల్లు కట్టే సరుకు ఒక్కటే కాదు. మన వాటర్ ఫిల్టరు కూడా పోతుంది. రేపు జలాశయం నుంచి నేరుగా పైపులో నీళ్లు తెచ్చుకుంటే తెచ్చుకుందాం. కాకపోతే ఇసుక చేసే పని అప్పుడు ఇంజనీరు చేయాలి, అది ఎవరు చేస్తున్నారని మనం అడగాలి.

పోయిన ఆదివారం చిన్నమ్మ దగ్గరికి పోయినా. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు రెండు సీసాల్లో పట్టి పరీక్షకు ఇచ్చినాం. "రిపోర్టు వచ్చినాక చూస్తాలే, నీ మాట విని కాదు" అంది. నాకు నచ్చింది ఆ మాట. కంటితో చూసి కాదు, నా వీడియో చూసి కూడా కాదు, పరీక్ష చూసి నమ్ముతానంటోంది. రిపోర్టు వచ్చాక మీకూ చూపిస్తా.

మీ ఊళ్లో నీళ్లు మారాయా? మారేటప్పుడు ముందే చెప్పారా? కామెంట్లో రాయండి, గ్లాసు ఫొటోలు పంపండి. వచ్చే వారం కలుద్దాం. ఉంటా మరి.